సంపు మూత మీద రెండు బస్తాలు

శవం సంపులో ఉంది. సంపులో మాత్రం చుక్క నీళ్ళు లేవు.

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూసింది. ఎనిమిదడుగుల లోతు. కొత్తగా పోసిన కాంక్రీటు. పైకప్పుకి ఆన్చిన సెంట్రింగ్ చెక్కలూ కర్రలూ ఇంకా విప్పలేదు. ఆ కర్రల మధ్య ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పక్కకి ఒరిగి ఉన్నాడు. నిద్రపోతున్నాడంటే నమ్మేట్టున్నాడు.

"మేస్త్రి, మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "ఈ ఇల్లు కడుతున్నది ఈయనే. లెవెల్ మేస్త్రి అంటారట."

"అదేం పేరు?"

"ఎవరేం అడిగినా 'లెవెల్‌గానే ఉంది సార్' అంటాడట. ఏదీ లెవెల్లో ఉండదట."

హెడ్డు నవ్వబోయి, శవం గుర్తొచ్చి ఆపుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఫైర్ వాళ్ళు మాస్కులు తగిలించుకుని దిగి మేస్త్రిని పైకి తీశారు. తల వెనక చిన్న గాయం. వేరే దెబ్బ లేదు. ఒంటి మీద చొక్కా గుండీ కూడా ఊడలేదు.

రెండో మనిషిని అప్పటికే అంబులెన్సులో తీసుకెళ్ళారు. మేస్త్రి బామ్మర్ది. ముప్పై ఏళ్ళవాడు, సెంట్రింగ్ పని. సంపు మూత పక్కనే స్పృహ లేకుండా దొరికాడు. కుడిచేతి పక్కన సుత్తి ఉంది.

ఫోన్ చేసింది ఇంటి యజమాని. ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. ఇస్త్రీ చొక్కా, జేబులో టేపు, చేతిలో కర్చీఫ్. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎన్నింటికి చూశారు?"

"పన్నెండున్నరకండీ."

"అంతకుముందు ఇటు వచ్చారా?"

"పొద్దున ఎనిమిదికి వచ్చాను. గోడలకి నీళ్ళు పెట్టి వెళ్ళిపోయాను. రోజూ నేనే పెడతాను. వీళ్ళని నమ్ముకుంటే నా గోడలు ఎండి చస్తాయి."

"అప్పుడు సంపు ఎలా ఉంది?"

"మూసే ఉంది. మూత మీద రెండు సిమెంటు బస్తాలు కూడా పెట్టి ఉన్నాయి. నేను వెళ్ళేటప్పుడు చూశాను."

"తర్వాత ఎక్కడికెళ్ళారు?"

"టైల్స్ షాపులు తిరిగాను. వచ్చి చూస్తే మూత తీసి ఉంది. వాడిలా పడున్నాడు. ఈయన లోపల..."

"ఇద్దరికీ గొడవలున్నాయా?"

"నిన్న కూడా అరుచుకున్నారండీ. వాడికి తాగుడు అలవాటు."

"నడుమేమైంది?"

ఇంటాయన ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. "టెన్షన్‌కి పట్టేసింది."

ఇన్‌స్పెక్టర్ ఇంట్లోకి నడిచింది. అడుగడుగునా ఎర్ర చాక్‌పీసు గుర్తులే. ఎక్కడ తప్పు కనిపిస్తే అక్కడ ఇంటాయన ఇంటూ కొట్టి పెట్టాడు. ఆఖరి మెట్టు మిగతావాటికన్నా నాలుగు వేళ్ళు ఎత్తు, ఇంటూ. స్విచ్‌బోర్డు తలుపు వెనక్కి పోయింది, ఇంటూ. బాత్రూమ్ వాలు హాల్లోకి, పెద్ద ఇంటూ. పాపం, ఇల్లు పరీక్ష తప్పిన పిల్లాడి పేపర్లా ఉంది.

ఆమెకి ఇంటాయన మీద జాలేసింది. ఆమె సొంత ఇల్లు మూడేళ్ళుగా సాగుతూ ఇంకా గోడల దగ్గరే ఉంది. ఆ మంట ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు.

కిటికీ గట్టు మీద ఒక కొవ్వొత్తి కనిపించింది. కొత్తది. వత్తి మాత్రం నల్లబడింది, మైనం కరగలేదు. దాని మధ్యలో పొడుగాటి పురికొస కట్టి ఉంది.

"కరెంటు పోతే వెలిగించుకుంటారేమో," అన్నాడు హెడ్డు.

"దారం కట్టుకుని మరీ వెలిగిస్తారా?"

ఆమె కొవ్వొత్తిని కవర్లో వేయించింది.

స్టోరు గదిలో మేకుకి లావుపాటి పీచు తాడు వేలాడుతోంది. చుట్టలు చుట్టి, కొస లోపలికి దోపి, ముచ్చటగా పెట్టి ఉంది. మిగతా సామానంతా చెల్లాచెదురు. బయట సంపు పక్కన బురదలో రెండు సిమెంటు బస్తాలు నిలువుగా ఉన్నాయి. రెండడుగుల అవతల ఎండలో చెక్కల దొంతర ఉంది.

ఆ బస్తాల దగ్గర ఆమె కాసేపు ఆగింది. ఏదో గుచ్చుకుంటోంది. ఏమిటో తెలియడం లేదు. విసుగొచ్చి జీపెక్కింది.

మర్నాడు పొద్దున డీఎస్పీ ఫోన్.

"ఇంకా ఏం ఆలోచిస్తున్నావమ్మా? సుత్తితో కొట్టాడు, సంపులోకి తోశాడు, మత్తెక్కి పడిపోయాడు. సాయంత్రం అయిదింటికల్లా బామ్మర్ది మీద కేసు కట్టి, మంచం దగ్గర మనిషిని కాపలా పెట్టు."

"సార్, ఒక్క రోజు..."

"అయిదింటికి."

ఫోన్ పెట్టేశాడు.

ఆస్పత్రిలో కింద మార్చురీ, పైన ఐసీయూ. మధ్యలో మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. మేస్త్రి భార్య. కింద మొగుడు, పైన తమ్ముడు. ఎటు వెళ్ళాలో తెలియక నిన్నటినుంచీ ఆ మెట్టు మీదే ఉందని నర్సు చెప్పింది. నీళ్ళు కూడా ముట్టలేదట.

ఇన్‌స్పెక్టర్ ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"మీ తమ్ముడు తాగుతాడా అమ్మా?"

"తాగుతాడు. అబద్ధమెందుకు? కానీ పనిరోజున ముట్టడు. వాళ్ళ బావ ముట్టనివ్వడు."

"ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళా?"

"రోజూ. 'ఒరేయ్ చవటా' అని ఆయన, 'నీకన్నా నయమే' అని వీడు. మధ్యాహ్నం ఒకే గిన్నెలో తినేవాళ్ళు." ఆవిడ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "అమ్మా, వాణ్ణి అయిదేళ్ళప్పటినుంచీ పెంచింది ఆయనే. వాడు ఆయన్ని చంపడం ఏంటమ్మా? నన్ను చంపాడన్నా నమ్ముతాను, ఆయన్ని చంపాడంటే నమ్మను. మొగుడు పోయాడు. తమ్ముణ్ణి కూడా మీరు తీసుకుపోతే నేనెవరి కోసం ఇంటికెళ్ళాలి? ఎవరికి వండాలి?"

ఇన్‌స్పెక్టర్ కవర్లో ఉన్న కొవ్వొత్తి తీసి చూపించింది.

"ఇది తెలుసా?"

ఆవిడ చూసీ చూడగానే కవర్ని రెండు చేతులా పట్టుకుంది.

"మా ఆయనదే. సంపుల్లోకి, బావుల్లోకి దింపుతాడు. వాళ్ళ నాన్న బావులు తవ్వేవాడు, ఆయన దగ్గర నేర్చుకున్నాడు. దీపం ఆరిపోతే లోపల గాలి లేనట్టు. గాలి మెషిన్ పెట్టందే ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. గోడలు వంకరగా కడతాడమ్మా, ఒప్పుకుంటాను. ఈ ఒక్కటీ మాత్రం ఏనాడూ మర్చిపోలేదు."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది. వత్తి నల్లబడింది. మైనం కరగలేదు. అంటే దింపగానే ఆరిపోయింది.

మార్చురీ డాక్టరు క్లుప్తంగా చెప్పాడు.

"తల గాయం పైపైనే. ప్రాణం తీసేది కాదు. ఊపిరాడక పోయాడు. మూసిన సంపులో తడి చెక్కలు వారాల తరబడి కుళ్ళుతుంటే ఉన్న గాలి కాస్తా అయిపోతుంది. లోపల గట్టిగా ఒకసారి పీలిస్తే చాలు, మనిషి కూలిపోతాడు."

"పైనున్న బామ్మర్ది?"

"వాణ్ణీ చూసొచ్చాను. వాడికీ అదే. మందు కాదు. వాడు కూడా ఆ సంపులో ఉన్నవాడే."

"ఖాయమేనా?"

"ఖాయం. ఇంకోటి. వాడి రెండు చంకల కిందా తాడు ఒరుసుకున్న గాయాలున్నాయి. చర్మం లేచిపోయింది."

స్పృహ తప్పినవాడు ఎనిమిదడుగులు ఎక్కి రాలేడు. కింద మేస్త్రి ఎత్తాడే అనుకుందాం. పైనుంచి తాడు పట్టుకుని లాగిందెవరు?

ఆమె వెంటనే డీఎస్పీకి ఫోన్ చేసింది. ఆయన తాపీగా విన్నాడు.

"సెంట్రింగ్ వాళ్ళ ఒంటి మీద తాడు గాయాలు లేకపోతే ఆశ్చర్యపోవాలి. మూడో మనిషి ఉన్నాడంటున్నావ్, చూపించు. చూపించలేకపోతే అయిదింటికి కేసు."

సామాన్లు అద్దెకిచ్చే షాపు బజారు చివర ఉంది. షాపతను మేస్త్రి ఫోటో చూసి తలూపాడు.

"నిన్న పదిన్నరకి వచ్చాడు. గాలి మెషిన్ కావాలన్నాడు. బయటికెళ్ళింది, రెండింటికి రమ్మన్నాను. 'సరే, ఈలోపు మావాణ్ణి పైపనికి పెడతాను' అని వెళ్ళిపోయాడు."

అంటే మేస్త్రి కొవ్వొత్తి దింపాడు. ఆరిపోయింది. ఎవరూ దిగకుండా మూత వేశాడు. మూత మీద బస్తాలు పెట్టాడు. గాలి మెషిన్ కోసం వెళ్ళాడు. ఆ వెనకాల ఎవరో మూత తీశారు.

ఎవరు? బామ్మర్దే తీశాడంటే ఏం చెప్పాలి? తెలిసినంతవరకూ అక్కడ ఇంకెవరూ లేరు. మధ్యాహ్నం రెండయింది. ఆమె షాపు ముందే జీపులో కూర్చుని తల పట్టుకుంది. మెట్టు మీదున్న ఆవిడ మొహం కళ్ళ ముందునుంచి కదలడం లేదు.

ఫోన్ మోగింది. భర్త.

"సిమెంటు లోడు వచ్చిందోయ్. ఎక్కడ దింపించమంటావ్?"

"ఇప్పుడా? చెక్కలు పరిచి వాటి మీద దింపించండి! పోయినసారి తడి నేల మీద దింపించి పది బస్తాలు బండలు చేశారు. పనివాళ్ళు మొత్తుకుంటున్నా వినకుండా..."

ఆమె నోరు అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది? హలో? ఇంకా తిట్టేది ఉందా, అయిపోయిందా?"

"మీరు దేవుడండీ," అని ఫోన్ పెట్టేసింది. పెళ్ళయ్యాక ఆ మాట వినడం అదే మొదలు కాబట్టి, అవతల ఆయన చాలాసేపు ఫోన్ వంక చూస్తూ ఉండిపోయి ఉంటాడు.

నాలుగింటికి అందరూ కొత్తింటి దగ్గరున్నారు. ఇంటాయన. ఆయన భార్య. మేస్త్రి భార్యని హెడ్డు చెయ్యి పట్టుకుని జీపు దింపాడు. ఆవిడ ఒక్కసారి సంపు వైపు చూసి మొహం తిప్పేసుకుంది.

"హెడ్డు గారూ, ఆ బస్తా ఎత్తండి," అంది ఇన్‌స్పెక్టర్.

హెడ్డు వంగి లాగాడు. బస్తా కదిలింది గానీ ఒంగలేదు. అడుగున జానెడు మేర సిమెంటు రాయిలా బిగుసుకుపోయింది. బురద అచ్చు కూడా పడింది.

"సార్," ఇన్‌స్పెక్టర్ ఇంటాయన వైపు తిరిగింది. "మీరు వెళ్ళేటప్పుడు ఈ బస్తాలు ఎక్కడున్నాయి?"

"మూత మీదే. చెప్పానుగా."

"ఈ నేల ఎప్పుడు తడిసింది?"

"నేను నీళ్ళు పెట్టినప్పుడు."

"అంటే ఎవరు దించినా మీరు తడిపిన తర్వాతే దించారు. దించి, నీళ్ళు నిలిచిన చోట పెట్టారు. పొడి చెక్కలు రెండడుగుల దూరంలో ఉండగా!"

"అయితే ఏంటండీ? ఆ తాగుబోతు వెధవే..."

"ఊరుకోండి. ఆ కుర్రాడు పన్నెండేళ్ళుగా సిమెంటులో బతుకుతున్నాడు. ఎంత కోపంలో ఉన్నా, ఎంత తాగినా సిమెంటు బస్తాని నీళ్ళలో పెట్టడు. చెయ్యి దానంతటదే చెక్కల వైపు పోతుంది. ఇది ఆ పని తెలియనివాళ్ళు చేసే తప్పు. మా ఆయన చేశాడు. మీరు చేశారు."

ఇంటాయన కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు.

"నడుం పట్టేసింది టెన్షన్‌కి కాదు. అలవాటు లేని మనిషి యాభై కిలోల బస్తాలు రెండు ఎత్తితే పడుతుంది. సుత్తికి ఎక్కడా రక్తం లేదు. రక్తం సంపులో కర్ర మొనకి అంటింది. మేస్త్రిని ఎవరూ కొట్టలేదు. కూలిపోయినప్పుడు ఆ కర్ర తగిలింది. తాడు మేకుకి బుద్ధిగా చుట్టి పెట్టి ఉంది. పనివాళ్ళు తాడు అలా పెట్టడం నేనెక్కడా చూడలేదు. ఆ కర్చీఫు పక్కన పెట్టి అరచేతులు చూపించండి."

ఇంటాయన కదల్లేదు.

"చూపించండీ," అంది ఆయన భార్య. "నిన్న పదకొండున్నరకి ఇంటికొచ్చారు. చొక్కా మార్చుకున్నారు. చేతులు కడిగిందే కడిగారు. తలుపేసుకుని చీకట్లో కూర్చున్నారు. ఏమైందంటే తిట్టారు. చూపించండి."

ఆయన చేతులు చాపాడు. రెండు అరచేతులకీ అడ్డంగా బొబ్బలు చిట్లి ఉన్నాయి. హెడ్డు చప్పున తల తిప్పుకున్నాడు.

ఇంటాయన అలాగే బురదలో కూలబడ్డాడు.

"ఈ ఇల్లు నన్ను పిచ్చివాణ్ణి చేసిందండీ. అద్దింటివాళ్ళు ఖాళీ చెయ్యమంటున్నారు. ఇక్కడ రోజుకో తప్పు. ఏది అడిగినా లెవెల్‌గానే ఉందంటాడు. పొద్దున వచ్చి 'సంపులో గాలి బాగోలేదు సార్, ఇవాళ ఎవరూ దిగొద్దు' అన్నాడు. మళ్ళీ ఒక వంక దొరికిందిరా వీడికి అనుకున్నాను. షాపుకని వెళ్ళినవాణ్ణి ఉండబట్టలేక వెనక్కొచ్చాను. బస్తాలు దించి మూత తీశాను. మేడ మీదున్న బామ్మర్దిని పిలిచి చెక్కలు విప్పమన్నాను."

"దిగనన్నాడా?"

"బావ వద్దన్నాడు అన్నాడు. 'బస్తాలు తడిలో పెట్టారేంటి సార్' అని కూడా అన్నాడు. అవి తర్వాత తీద్దువుగాని, ముందు దిగు అన్నాను. నువ్వు దిగకపోతే రేపట్నుంచి మీ బావని పనిలోకి రావద్దంటానని బెదిరించాను." ఆయన అరచేతుల వంక చూసుకున్నాడు. "దిగాడు. చప్పుడు లేదు. పిలిచాను. పలకలేదు."

"అప్పుడు మేస్త్రి వచ్చాడు."

"ఆ. చూడగానే అర్థమైపోయింది ఆయనకి. నన్నొక్క మాట అనలేదు. తాడు నా చేతికిచ్చి, గుండెల నిండా గాలి పీల్చుకుని దిగాడు. వాడి చంకల కింద తాడు కట్టాడు. నేను లాగాను. కిందనుంచి ఆయన భుజాలతో ఎత్తాడు. వాణ్ణి ఎలాగో బయటికి లాగి పడేశాను."

"తర్వాత?"

"చచ్చిపోయాడనుకున్నానండీ. వాడలా నీలంగా ఉన్నాడు. లోపలేమో ఈయన కూలిపోయాడు. ఇద్దర్నీ నేనే చంపానని... కాళ్ళూ చేతులూ ఆడలేదు. తాడు విప్పి స్టోరు గదిలో పెట్టాను. సుత్తి తెచ్చి వాడి పక్కన పెట్టాను. పారిపోయాను."

"గంటకు పైగా. ఆ గంటలో ఒక్క ఫోన్ చేసి ఉంటే?"

హెడ్డు ఆయన్ని లేవదీశాడు. భార్య దగ్గరికి రాలేదు. ఎర్ర ఇంటూలున్న గోడకి ఆనుకుని ఏడుస్తోంది.

అప్పుడు మేస్త్రి భార్య కదిలింది. మెల్లగా వచ్చి ఇంటాయన ఎదురుగా నిలబడింది. కొడుతుందేమోనని హెడ్డు అడ్డం రాబోయాడు. ఇన్‌స్పెక్టర్ వద్దని సైగ చేసింది.

"సార్," అంది ఆవిడ. "లోపలినుంచి మా ఆయన ఏమైనా అన్నాడా?"

ఇంటాయన సంపు వైపు చూశాడు.

"ఒక్కమాట. 'మావాడు వచ్చాడా సార్' అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు. నోరు పెగల్లేదు."

బిగపట్టిన ఊపిరంతా ఆ ఒక్క ప్రశ్నకి ఖర్చుపెట్టాడు మేస్త్రి. దానికి జవాబు కూడా దక్కలేదు. ఇన్‌స్పెక్టర్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగంలో చేరాక పది మంది ముందు ఏడవడం ఆమెకి ఇదే మొదటిసారి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

హెడ్డు ఫోన్ మోగింది. విన్నాడు. విని, గట్టిగా ఊపిరి వదిలాడు.

"మేడమ్, ఆస్పత్రినుంచి. కళ్ళు తెరిచాడట. బావ ఏడీ అని అడుగుతున్నాడట."

మేస్త్రి భార్య ఏడవలేదు. సంపు దగ్గరికి నడిచింది. మూత తీసే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ అంచు మీద ఆన్చి, లోపలికి వంగింది.

"వచ్చాడయ్యా," అంది, ఇంట్లో పక్కగదిలో ఉన్న మనిషితో చెప్పినట్టు. "మనవాడు పైకొచ్చాడు."

తర్వాత లేచి, చీర అంచుకంటిన బురద దులుపుకుని, ఆస్పత్రికి తీసుకెళ్ళమని ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది.